చనుబాలు, కూలిపని: మహారాష్ట్రమందలి తెలుగు శ్రామిక స్త్రీల చరిత్రలో ఒక ప్రకరణము

మహారాష్ట్రమున స్థిరపడిన తెలుగువారి చరిత్ర వ్రాయబూనినవారు వలసలకు గల కారణములను, కులవృత్తులను, మార్కండేయ మందిరములను, పాఠశాలలను, గ్రంథాలయములను వర్ణింతురు. ఇవన్నియు చెప్పదగినవే. కాని ఒక ప్రశ్న తరచుగా మరుగుపడును. తెల్లవారుజామున పనికి పోయి చీకటి పడిన పిదప ఇల్లు చేరిన తల్లి తన చంటిబిడ్డకు పాలెప్పుడిచ్చెను?

నేడు మన ఆడబిడ్డలు బొంబాయి, పూనా, బెంగుళూరు, చెన్నపట్టణములలో కార్యాలయములకు, ఆసుపత్రులకు, పాఠశాలలకు పనికి పోవుచున్నారు. వారిలో కొందరు పాలు పిండు యంత్రమును సంచిలో పెట్టుకొని పోయి, పనిచోట పాలు తీసి దాచి, సాయంకాలము బిడ్డకై ఇంటికి తెచ్చుచున్నారు. ఇది చూచి "మా కాలమున ఈ చిక్కులు లేవు" అనెడి పెద్దలు కలరు. చరిత్ర ఆ మాటను సమర్థింపదు. చిక్కు పాతదే. దానికి వెదకిన ఉపాయములు మాత్రమే కాలమును బట్టి మారుచు వచ్చినవి. ఆ ఉపాయములను వరుసగా పరిశీలించి, వానిలో ఏది తల్లికి నిజముగా తోడ్పడెనో నిర్ణయించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మగ్గము ప్రక్కన ఉయ్యాల

తెలంగాణపు పద్మశాలీల ఇంట నేతపని ఒక్కని పని కాదు. మగవాడు మగ్గపుగుంటలో కూర్చుండి నేయుచుండగా, ఆడువారు రాట్నము త్రిప్పుట, కండెలు చుట్టుట, ఆసు పోయుట మున్నగు పనులు చేసెడివారు. ఆమె చేతిపని లేనిదే అతని చేతిలోని నాడె కదలదు. ఆమెకు వేరుగ కూలి లేదు, పనిగంటల లెక్కయు లేదు. అట్టి జీవితమును సుఖమని వర్ణించుట తగదు. కాని ఒక్క విషయమున అది తల్లికి అనుకూలముగ నుండెను. చీర ఉయ్యాలలోని బిడ్డ ఏడ్చిన రాట్నము నిలుచును. తల్లి పాలిచ్చి, బిడ్డను మరల పండుకొనబెట్టి, తెగిన దారమును ముడివేసికొని పని సాగించును. పనికిని పాలకును మధ్య గోడ లేదు.

మిల్లుబట్ట వచ్చి చేనేతకు గిరాకి తగ్గుట, 1876-78 నాటి మహాక్షామము, అప్పుల బాధ అను కారణములచే నేతగాండ్రు ఊళ్లు విడిచిరి. నిజాము రాజ్యపు సరిహద్దునకు చేరువగా, బొంబాయి నుండి వచ్చు రైలుమార్గముపై నున్న షోలాపురము వారికి ఆశ్రయమైనది. 1874లో వాడి నుండి హైదరాబాదునకు రైలు పడుటతో ప్రయాణము సులభమయ్యెను. 1877లో షోలాపురమున మొదటి నూలు, నేత మిల్లు వెలసెను. తరువాతి మూడు నాలుగు దశాబ్దములలో మరికొన్ని పెద్ద మిల్లులు లేచినవి. నగరపు తూర్పు భాగము తెలుగువారి పేటలతో నిండెను. నేటికిని అచ్చటి వీధులలో తెలుగు వినబడును.

మిల్లులో స్త్రీలకు దొరకిన పని ఏది? ప్రధానముగా నూలు చుట్టుట, చిలపలు పట్టుట. అనగా ఇంటిలో రాట్నముపై చేసిన పనియే. ఆ పని ఇంటినుండి లేచి గిర్నీ కప్పు క్రిందికి పోయినది. బిడ్డ మాత్రము ఇంటిలోనే మిగిలిపోయెను. మనము విచారించుచున్న చిక్కు ఇచ్చట మొదలయ్యెను.

భోంగా కూత, బిడ్డ ఏడ్పు

షోలాపురమువారు మిల్లు కూతను భోంగా అందురు. భోంగా కూసినప్పుడు తల్లి గిర్నీలో ఉండవలెను. బిడ్డ ఆకలి ఆ కూతను ఎరుగదు. రెండు మూడు నెలల శిశువు రెండు మూడు గంటల కొకసారి పాలు కోరును. 1891 నాటి ఫ్యాక్టరీ చట్టము స్త్రీల పనిని రోజునకు 11 గంటలకు మించరాదని విధించెను. 1922 చట్టమున కూడ పెద్దవారి పనికి రోజునకు 11 గంటలు, వారమునకు 60 గంటలు పరిమితిగా నుండెను. రాకపోకల కాలమును చేర్చినచో తల్లి పగలంతయు బిడ్డకు దూరమైనట్లే.

ఇచ్చట శరీరధర్మమును కొంచెము తెలిసికొనవలెను. చనుబాలు కుండలో నింపి దాచిన నీరు వంటివి కావు. తీసినకొలది ఊరును, తీయకున్న తగ్గును. బిడ్డ చప్పరించుటచే తల్లి మెదడు నుండి వెలువడు స్రావములు పాలను పుట్టించును, చేపునట్లును చేయును. రొమ్ములలో పాలు చాలసేపు నిలిచియున్నచో, ఇక చాలునను సూచన శరీరమునకు అంది పాల ఉత్పత్తి తగ్గును. మొదట బిగువు, నొప్పి, కొందరికి గడ్డకట్టి జ్వరము వచ్చును. కొన్ని దినములు ఇట్లే సాగినచో పాలు ఇంకిపోవును. పని చేయు స్త్రీలకు పాలు చాలవని లోకులు అనుకొనుటకు కారణము చాలవరకు ఇదియే. లోపము తల్లి శరీరమున లేదు, ఆమెకు విరామము లేకపోవుటలో నున్నది.

తల్లి లేని వేళ బిడ్డను ఊరడించుటకు మిల్లు పట్టణములలో ఒక దారుణమైన ఉపాయము వ్యాపించినది. అది నల్లమందు. బొంబాయిలో దీనిని బాలగోళి అను చిన్న మాత్రలుగా అమ్మెడివారు. మాత్ర మ్రింగిన బిడ్డ ఏడువక, పాలడుగక గంటల కొలది మత్తులో పడియుండును. 1922లో వెలువడిన డాక్టర్ బార్న్స్ నివేదిక బొంబాయి మిల్లు స్త్రీల ప్రసూతి పరిస్థితులను విచారించి, ఆ స్త్రీల బిడ్డలలో నూటికి 90కి పైగా నల్లమందు తినుచున్నారని తెలిపెను. ఈ నివేదిక తెలుగువారిని వేరు చేసి చెప్పినది కాదు, మిల్లు స్త్రీలందరిని గూర్చినది. కాని వారితో కలిసి ఆ గదులలో నివసించి ఆ యంత్రముల వద్దనే నిలిచిన మనవారికి వేరు గతి యుండునా? 1921లో బొంబాయి నగరమున నమోదైన శిశుమరణములు వేయి జననములకు 600కు పైబడెను. చాలమంది స్త్రీలు పురిటికి స్వగ్రామములకు పోవుటచే నగరపు జననముల లెక్క తగ్గి, ఈ సంఖ్య కొంత పెరిగి కనబడును. ఆ సవరణ చేసికొన్నను అది భయంకరమైన సంఖ్యయే.

మత్తుమందు పెట్టిన తల్లులను నిందించుట సులభము. కాని ఆ తల్లి ముందు ఉన్నవి రెండే దారులు. కూలి మానిన ఇల్లు గడువదు. కూలికి పోయిన బిడ్డ ఆకలితో గుక్కపట్టి ఏడ్చును. ఆమె బిడ్డను చంపుటకు కాక, తాను మరల వచ్చువరకు బ్రతికించుకొనుటకే ఆ మాత్ర పెట్టెను. తప్పు ఆమెకు మూడవ దారి చూపని ఏర్పాటులో నున్నది.

చట్టము ఇచ్చిన అరగంట

ఆ మూడవ దారిని లోకము 1919లో మొదటిసారి స్పష్టముగ పలికినది. ఆ సంవత్సరము వాషింగ్టనులో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభ, పాలిచ్చు తల్లికి పనివేళలో రోజునకు రెండుమారులు అరగంట చొప్పున విరామ మీయవలెనని తీర్మానించెను. భారతదేశము ఆ ఒడంబడికను అంగీకరింపలేదు. ఇచ్చటి పరిస్థితులను విచారింపవలసినదిగా మాత్రము ఆ మహాసభ భారత ప్రభుత్వమును కోరెను.

1924లో ఎన్.ఎం. జోషీ కేంద్ర శాసనసభలో ప్రసూతి సహాయపు బిల్లును ప్రవేశపెట్టగా అది నెగ్గలేదు. తరువాత బొంబాయి శాసనమండలిలో ఆసవలే అట్టి బిల్లు తెచ్చెను. 1928 జూలైలో దానిపై జరిగిన చర్చలో డాక్టర్ అంబేద్కరు మాట్లాడుచు, ప్రసవమునకు ముందును తరువాతను తల్లికి విశ్రాంతి లభించుట దేశమునకే మేలనియు, దాని భారమును ప్రభుత్వము చాలవరకు వహింపవలసినను యజమానికి బాధ్యత తప్పదనియు వాదించెను. 1929లో బొంబాయి ప్రసూతి సహాయ చట్టము వచ్చెను. ఇట్టి చట్టములలో మనదేశమున ఇదియే మొదటిది.

1929లో నియమితమై 1931లో నివేదిక సమర్పించిన రాజకీయ కార్మిక సంఘము, అనగా విట్లే కమిషను, నల్లమందు దురాచారమును ప్రస్తావించి, స్త్రీలు ఎక్కువగా పనిచేయు మిల్లులలో శిశుగృహములు ఉండవలెనని సూచించెను. 1934 ఫ్యాక్టరీ చట్టము 50 మందికి పైగా స్త్రీలున్న కర్మాగారములలో పిల్లలకై గది కోరుచు నియమములు చేయుటకు రాష్ట్ర ప్రభుత్వములకు అధికార మిచ్చెను. స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1948 ఫ్యాక్టరీ చట్టము దానిని తప్పనిసరి చేసెను. 1976లో 50ని 30కి తగ్గించిరి. మరాఠీలో ఈ గదిని పాళణాఘర్ అందురు. మన షోలాపురపు తల్లులును ఆ మాటనే వాడుదురు.

1961 ప్రసూతి సహాయ చట్టము 12 వారముల జీతముతోడి సెలవునిచ్చి, పనికి తిరిగి వచ్చిన తల్లికి బిడ్డ 15 నెలల వయస్సు వచ్చువరకు రోజునకు రెండు పాల విరామములను హక్కుగ చేసెను. 1963లో గనులకును సర్కసులకును చేసిన నియమములు ఒక్కొక్క విరామమును 15 నిమిషములుగా నిర్ణయించి, బిడ్డ యున్నచోటికి పోయివచ్చుటకు మరికొంత కాలమును చేర్చినవి. ఈ చిన్న వివరము గమనింపదగినది. పాలిచ్చుటకు కాలము చాలదు, బిడ్డ దగ్గరలో నుండవలెనని చట్టమే ఒప్పుకొన్నది. కాలము, స్థలము అను రెండింటిని కలిపి ఇచ్చినప్పుడే అది హక్కు. ఒకటి లేనిచో రెండవది వృథా.

పని తప్పించుకొని పోయెను

కాగితముపై ఇంత మేలు జరిగినది. కాని ఈ మేలు పొందవలసిన స్త్రీ అప్పటికే మిల్లు వదలుచుండెను. 1920 ప్రాంతమున బొంబాయి మిల్లు కార్మికులలో సుమారు ఐదింట ఒకవంతు స్త్రీలు. తరువాతి దశాబ్దములలో వారి సంఖ్య క్రమముగా క్షీణించెను. నూలు చుట్టు పనికి క్రొత్త యంత్రములు వచ్చుట, రాత్రి పాళీలలో స్త్రీలను నియమింపరాదను నిబంధన, ప్రసూతి వ్యయమును భరింప ఇష్టములేని యజమానుల ధోరణి, ఇవన్నియు కొంత కొంత కారణములు. ఇరువదవ శతాబ్ది ముగిసి క్రొత్త శతాబ్ది మొదలగునాటికి షోలాపురపు పెద్ద మిల్లులు మూతబడినవి. మగవారిలో అనేకులు మరమగ్గములపై దుప్పట్లు, తువాళ్లు నేయు పనికి మరలిరి. ఆడువారి చేతికి బీడీ చేట వచ్చెను.

షోలాపురమున బీడీ చుట్టువారిలో అధికసంఖ్యాకులు తెలుగు స్త్రీలు. 1966లో బీడీ, చుట్ట కార్మికుల చట్టము వచ్చెను. 50 మందికి మించి స్త్రీలున్న బీడీ కార్ఖానాలో శిశుగృహము ఉండవలెనని అది విధించినది. ఫలిత మేమి? శిశుగృహములు వెలసినవానికంటె, పని ఇండ్లకు తరలిపోవుటయే ఎక్కువగా జరిగెను. కార్ఖానాలో తునికాకు, పొగాకు తూచి ఇత్తురు. స్త్రీలు ఇంట ఆకు కత్తిరించి, బీడీలు చుట్టి, కట్టలు కట్టి మరునాడు అప్పగింతురు. కూలి వేయి బీడీల లెక్కన వచ్చును. కప్పు క్రింద 50 మంది లేనప్పుడు పాళణాఘర్ అక్కరలేదు. ప్రసూతి సహాయము ఇంట చుట్టువారికి గూడ కొన్ని మార్పులతో వర్తించునని చట్టము చెప్పినను, పాల విరామమునకు ఆ ఇంట అర్థ మేమున్నది? గంటకు కాక బీడీకి కూలి యిచ్చుచోట, పాలిచ్చిన ప్రతి అరగంటయు తల్లి తన కూలినుండి తానే కోసికొన్న అరగంట.

"పని ఇంటికి వచ్చినది గదా, మగ్గము నాటివలె బిడ్డ ప్రక్కననే యున్నాడు గదా" అని కొంద రనవచ్చును. పోలిక పైకి మాత్రమే. కండె చుట్టు చేతికి నూలు అంటును, బీడీ చుట్టు చేతికి పొగాకు అంటును. పొగాకులోని విషద్రవ్యము ధూళివెంట శ్వాసలోనికిని, చర్మము గుండ రక్తములోనికిని చేరును. రక్తమునుండి పాలలోనికిని పోవును. ఒకే గదిలో వంట, నిద్ర, పొగాకు, పసిబిడ్డ. ఆ తల్లులు పాలు మానవలెనని దీని అర్థము కాదు. వారి పాలే బిడ్డకు మేలు. చేతులు సబ్బుతో కడుగుకొని, పని చీర మార్చుకొని పాలిచ్చుటకు తగిన తీరిక, నీరు, వేరొక గది వారికి కావలెను. షోలాపురమునకు చేరువనున్న కుంభారీలో బీడీ స్త్రీల సహకార సంఘము పదివేల ఇండ్లు సాధించినది. శ్రీ ఆడం నర్సయ్య మున్నగువారి నాయకత్వమున సాగిన ఆ ఉద్యమమును సాధారణముగా ఇండ్ల ఉద్యమమనియే చెప్పుదురు. ఆ ఇంటిలో పసిబిడ్డ పొగాకునకు దూరముగ పండుకొనుటకు చోటు దొరకినచో, అది పాల ఉద్యమము కూడ.

ఇండ్లు కట్టినవారి బిడ్డలు

బొంబాయిలో కామాఠీపుర మను పేట పేరే మనవారి జ్ఞాపకము. నిజాము రాజ్యమునుండి పద్దెనిమిదవ శతాబ్ది చివరినుండి వచ్చి చేరిన కామాఠీలు ఆ నగరపు కట్టడములకు రాయి, సున్నము మోసిరి. తరువాతి కాలమున పాలమూరు కూలీలు ఆనకట్టలకు, రహదారులకు, మేడలకు దేశమంతట తిరిగిరి. ఈ పనిలో భార్యాభర్తలు జంటగ కూలికి చేరుట వాడుక. తట్ట మోయు తల్లి బిడ్డను చెట్టుకొమ్మకు కట్టిన చీర ఉయ్యాలలో పండుకొనబెట్టి, పెద్దబిడ్డను కాపు పెట్టును. ఆ పెద్దబిడ్డ వయస్సు ఐదో ఆరో యుండును. బడికి పోవలసిన ఆడపిల్ల అట్లు దాది యగును. ఒక తరము తల్లికి విరామము లేకపోవుటచే మరు తరము ఆడపిల్ల చదువు పోయినదన్నమాట.

1969లో ఢిల్లీలో, గాంధీ శతజయంతి ప్రదర్శనకై కట్టడములు లేచుచున్నచోట, దుమ్ములో ఆడుకొను కూలీల బిడ్డలను చూచి శ్రీమతి మీరా మహదేవన్ ఒక గుడారములో శిశుగృహము ప్రారంభించెను. మొబైల్ క్రెషెస్ అను ఆ సంస్థ పని 1970 దశకమున బొంబాయికిని, పిదప పూనాకును వ్యాపించెను. కట్టడము పూర్తియైన కూలీలు పోవుదురు, శిశుగృహము వారివెంట పోవును. 1996లో వచ్చిన కట్టడ కార్మికుల చట్టము, 50 మందికి పైగా స్త్రీలున్న పనిచోట శిశుగృహ ముండవలెనని విధించుటకు ఇట్టి అనుభవములే దారి చూపినవి.

యంత్రము వచ్చుట

ఇక పాలు పిండు యంత్రము సంగతి. చేతితో పాలు పిండుట మన స్త్రీలకు క్రొత్త కాదు. రొమ్ము బిగిసిన బాలింతకు పెద్దలు చెప్పు మొదటి మాట అదే. యంత్రము మాత్రము విదేశీయము. అమెరికాలో 1854లో నీధమ్ అనునతడు ఒక పంపునకు పేటెంటు పొందెను. 1956లో స్వీడను ఇంజనీరు ఐనార్ ఎగ్నెల్, తల్లికి నొప్పి లేకుండ బిడ్డ చప్పరించు తీరును అనుసరించు యంత్రమును రూపొందించెను. అది ఆసుపత్రులలో వాడబడు బరువైన సాధనము. సంచిలో పట్టు విద్యుత్ పంపులు 1990 దశకమున వ్యాపించినవి.

ఆ దశకమునకు ముందే, 1989లో, బొంబాయి సయన్‌లోని లోకమాన్య తిలక్ ఆసుపత్రిలో డాక్టర్ అర్మిడా ఫెర్నాండెజ్ తల్లిపాల నిధిని స్థాపించెను. ఆసియాలో అట్టిది అదే మొదటిది. ధారావి మున్నగు పేదల పేటలకు ఆ ఆసుపత్రియే దిక్కు. ఒక తల్లి పిండి యిచ్చిన పాలు వేడిచేసి శుద్ధిపరచి, నెలలు నిండక పుట్టిన మరొక తల్లి బిడ్డకు పట్టవచ్చునని ఆ నిధి చూపినది. పిండిన పాలు పనికిరావను పాత సందేహమునకు ఇంతకంటె సమాధాన మేమి కావలెను? శుభ్రమైన మూతగల పాత్రలో పిండిన పాలు గది ఉష్ణమున 4 గంటలు, శీతలపేటికలో సుమారు 4 దినములు నిలువయుండునని వైద్యులు చెప్పుదురు. మన వేసవిలో ఇంకను త్వరగ వాడుట మేలు.

యంత్రము చేసిన ఉపకారమేమి? బిడ్డ దగ్గర లేకున్నను పాలు తీయవచ్చును, తీయుటచే ఊట నిలుచును. అనగా స్థలపు చిక్కును అది కొంత తీర్చినది. కాలపు చిక్కును తీర్చలేదు. పంపుతో పాలు తీయుటకును 15, 20 నిమిషములు పట్టును. రోజునకు రెండు మూడుమారులు తీయవలెను. ఆ నిమిషములను ఎవరిత్తురు? తలుపు గడియ పడు గది ఏది? అనేక కార్యాలయములలో ఆ తల్లికి మిగులునది మరుగుదొడ్డి మాత్రమే. బిడ్డ ఆహారమును మరుగుదొడ్డిలో సిద్ధపరచుమని చెప్పుటకు మనకు నోరెట్లు వచ్చును?

నేటి చట్టము, మన కర్తవ్యము

2017 సవరణతో ప్రసూతి సెలవు మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారములయ్యెను. 50 మంది ఉద్యోగులున్న సంస్థకు శిశుగృహము, తల్లి రోజునకు నాలుగుమారులు అచ్చటికి పోవు హక్కు విధింపబడినవి. 2025 నవంబరు 21 నుండి 1961 చట్టము స్థానమున సామాజిక భద్రతా స్మృతి అమలులోనికి వచ్చెను. 15 నెలల వరకు రెండు పాల విరామములును, శిశుగృహమును ఆ స్మృతిలోను నిలిచియున్నవి. 26 వారములలో 8 వారములు ప్రసవమునకు ముందే వాడుకొన్న తల్లికి తరువాత మిగులునవి 18, అనగా నాలుగు నెలలు. ఆరు నెలలు తల్లిపాలు తప్ప మరేమియు పట్టరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పును. ఈ రెండు నెలల ఎడమును పూరించుటకే మన ఆడబిడ్డ ఆ యంత్రమును మోయుచున్నది. అది ఆడంబరము కాదు.

మన చట్టము బిడ్డకు పాలిచ్చు విరామమనియే చెప్పును, పాలు పిండుకొను విరామమని పేర్కొనదు. అమెరికాలో 2022లో వచ్చిన శాసనము పాలు పిండుకొనుటను పేర్కొని, బిడ్డ పుట్టిన సంవత్సరము వరకు తగిన కాలమును, మరుగుదొడ్డి కాని ఏకాంత స్థలమును ఇచ్చినది. అచ్చట నున్న మన తెలుగు ఉద్యోగినులలో అనేకులకు ఈ హక్కు కలదు. మనదేశమున 2015లో తమిళనాడు ప్రభుత్వము బస్సు నిలయములలో పాలిచ్చు తల్లులకై గదులు ఏర్పరచెను. బహిరంగ స్థలములలో ఇట్టి గదులు కల్పింపవలెనని 2025 ఫిబ్రవరిలో సర్వోన్నత న్యాయస్థానము రాష్ట్రములకు తెలిపెను.

ఈ శతాబ్దపు చరిత్రనుండి మనము గ్రహింపదగినది ఒక్కటే. నల్లమందు బిడ్డ నోరు మూయించెను. శిశుగృహ చట్టము మేలు తలపెట్టెను, కాని పని ఆ కప్పు క్రిందినుండి తప్పించుకొని పోయెను. ఇంటి పని బిడ్డను దగ్గరకు చేర్చి పొగాకును కూడ చేర్చెను. యంత్రము దూరమును జయించెను, గడియారమును జయింపలేదు. ఎప్పటికప్పుడు తల్లికి కావలసినవి కొంచెము తీరిక, కొంచెము మరుగు. ఈ రెండును ఇచ్చిన ఉపాయము ఏదైనను ఫలించినది, ఇవ్వనిది ఏదైనను తల్లి పైననే భారమును మోపినది.

ఇందు సంఘములుగ మనము చేయగలది లేకపోలేదు. మనకు కల్యాణమండపములు, సంఘభవనములు, గ్రంథాలయములు, పాఠశాలలు కలవు. ప్రతి భవనమున తలుపు, కుర్చీ, నీరు గల చిన్నగది నొకదానిని పాలిచ్చు తల్లులకై విడుచుట కష్టము కాదు. మన పాఠశాలలలో పనిచేయు ఉపాధ్యాయినులకు ఆ రెండు విరామములను మనమే ముందుగ ఇచ్చి, ఇతర యజమానులకు చూపవచ్చును. బీడీ పేటలలో కూడలి శిశుగృహములను నడుపుటకు ఆ పేటల స్త్రీసంఘములతో చేయి కలుపవచ్చును. యంత్రము కొనలేని తల్లికి చేతితో పాలు పిండు పద్ధతిని నేర్పుటకు మన అనుభవజ్ఞులైన పెద్దమ్మలు చాలుదురు.

చివరగ పెద్దలకొక మనవి. పిండి దాచిన పాలను సీసాతో కాక చిన్న గిన్నెతో పట్టుట శ్రేయస్కరమని మన శిశువైద్యులు చెప్పుచున్నారు. ఆ గిన్నె మన ఇంటిలో ఎప్పటినుండియో కలదు. దాని పేరు ఉగ్గుగిన్నె. కోడలు పనిచోట పిండి తెచ్చిన పాలను అత్తగారు ఉగ్గుగిన్నెతో మనుమనికి పట్టిన ఇంట, "మా కాలమున ఈ చిక్కులు లేవు" అను మాటకు చోటుండదు. ఆ కాలపు తల్లికి దొరకని తోడు ఈ కాలపు తల్లికి దొరకినదని మాత్రము చెప్పుకొనవచ్చును.